మీటరు బాగానే ఉందన్నాను

ఏళ్ల తరబడి గుండెల మీద మోసిన బరువు ఈ రోజు దించాను. ఒక చోట కూర్చోలేకపోతున్నాను. లేచి నాలుగడుగులు వేసి, మళ్ళీ వచ్చి రాస్తున్నాను. ఎవరికైనా మొత్తం చెప్పాలి. మీకు చెబుతాను.

తిరువూరు బస్టాండు దగ్గర కరీం, నేను కలిసి మోటార్లు, స్టార్టర్లు బాగుచేసే షాపు నడిపేవాళ్ళం. వైర్లలో కరెంటు ఉందో లేదో చూసే మీటరు కరీందే. దాన్ని ప్రాణంగా చూసుకునేవాడు. ఒక వేసవిలో రెడ్డిగూడెంలో మా తోట మోటారు చూసుకుంటానని దాన్ని అడిగి తీసుకెళ్ళాను. మామిడికాయల హడావుడిలో పడి మోటారు షెడ్డులోనే వదిలేశాను. రేకుల కింద, ఆ ఎండల్లో.

వానలు మొదలయ్యాక వెనక మూత తీస్తే సెల్లులు కారిపోయి ఉన్నాయి. తెల్లటి పొడి, పచ్చటి చిలుము. నిమ్మరసం వేసి పాత బ్రష్షుతో రుద్ది కొత్త సెల్లులు పెట్టాను. అంకెలు వెలిగాయి! ఎంత సంబరపడ్డానో. ఆ సంబరంలో ఒక్కసారైనా కరెంటు మీద పెట్టి చూశానా? లేదు. కారిన రసం లోపలి బోర్డు దాకా పాకిందేమోనని విప్పానా? లేదు. పోనీ, కరీంకి చెప్పానా? తిడతాడని ఏమీ చెప్పకుండా తిరిగిచ్చేశాను. అంత చిన్న భయం.

ఆ వారంలోనే గంపలగూడెం దగ్గర ఒక పత్తి చేలో, స్టార్టరు పెట్టెలో చెయ్యి పెట్టిన కరీంకి షాకు కొట్టింది. ప్రాణం దక్కింది గానీ కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయాయి. అతని సామాను నేనే ఇంటికి తెచ్చాను. తలుపు వేసుకుని మీటరును ప్లగ్గులో పెట్టాను. పైన ఫ్యాను తిరుగుతోంది. మీటరు సున్నా చూపిస్తోంది.

మర్నాడు ఆసుపత్రిలో కరీం అడిగాడు.

"ఒరేయ్, మీటరు పెట్టి చూసినట్టే గుర్తురా నాకు. సున్నా వచ్చింది. మీటరేమైనా పోయిందేమో చూశావా?"

"చూశాన్రా. బాగానే ఉంది."

కట్టు కట్టిన కుడిచేతిని చూసుకున్నాడు. "అయితే చూడకుండానే చెయ్యి పెట్టుంటాను," అన్నాడు.

ఊరంతా అదే అనుకుంది. చివరికి కరీం కూడా అదే నమ్మాడు. షాపు వదిలేసి వాళ్ళన్న చెప్పుల దుకాణంలో కూర్చున్నాడు. చేతి సంగతి వేరు, అది నా అజాగ్రత్త. కానీ తన పని మీద తనకున్న నమ్మకాన్ని మంచం పక్కన కూర్చుని, కళ్ళలోకి చూస్తూ, తెలిసి తెలిసి తీసేసుకున్నానే, దాన్నేమనాలి? ఎందుకలా అన్నాను?

మొన్న అతని కూతురు షబానా ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరతానందట. "చూడకుండా చెయ్యి పెట్టినోడి కూతురివి, నీకెందుకమ్మా ఆ పని?" అన్నాడట కరీం. ఆ మాట నా చెవిన పడ్డాక ఇక దాచలేకపోయాను.

ఈ ఉదయం, ఇన్నాళ్ళూ దాచిన మీటరు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అతని ముందే విప్పాను. బోర్డు మీది రాగి గీతల్ని చిలుము తినేసింది. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను. కొడతాడనుకున్నాను.

కరీం ఎడంచేత్తో బోర్డు అందుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"అంటే... నేను చూశాను," అన్నాడు మెల్లగా. తర్వాత ఇల్లదిరేలా కేకేశాడు. "షబానా! నేను చూశానమ్మా! మీటరు పెట్టే చూశాను!"

ఆ పిల్ల పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ బోర్డు మీదికి వంగారు. ఏ గీత ఎక్కడ తెగిందో వంకర వేలితో చూపిస్తూ గబగబా చెబుతున్నాడు. నవ్వుతున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. కాసేపటికి, నా వైపు తిరక్కుండానే, "ఇక నువ్వెళ్ళు," అన్నాడు.

క్షమించానని అనలేదు. అడిగే మొహం నాకూ లేదు. అయినా బస్టాండు దాకా దాదాపు పరుగెత్తాను, ఎవరో తరుముతున్నట్టు కాదు, ఎవరో వదిలేసినట్టు. తప్పు నాదే. ఆ సంగతి ఇప్పుడు కరీంకి తెలుసు.