కాస్త రంగు తేలేలా

తార్నాకలో మెట్ల కింద గదిలో చాలా ఏళ్ళు ముఖాలు గీసి బతికాను. మాది కోస్తా, నాన్న ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాం. నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా యూనివర్సిటీ వాళ్ళు. రిటైరయ్యే ప్రతి పెద్దమనిషికీ డిపార్ట్‌మెంట్ గోడ మీద తన బొమ్మ ఉండాలి. పుస్తకం ముట్టి ఎన్నేళ్ళయిందో తెలియనివాడు కూడా చేతిలో లావుపాటి పుస్తకం పెట్టమనేవాడు. బట్టతలలకు జుట్టు మొలిపించాను, లేని కోట్లు తొడిగాను. చివర్లో అందరూ గొంతు తగ్గించి ఒకే మాట అనేవాళ్ళు: "కాస్త రంగు తేలేలా చూడండి." నల్లగా ఉన్నానని ఒక్కడూ ఒప్పుకోడు. ఫొటో సరిగ్గా రాలేదంటారు.

లోలోపల నవ్వుకుంటూనే తెలుపూ పసుపూ కలిపి, చిటికెడు ఎరుపు వేసేవాణ్ణి.

తెలంగాణ ఉద్యమం వచ్చింది. బోర్డు మీద ఇంటిపేరు చెరిపెయ్యమని మా బంధువులు సలహా ఇచ్చారు. ఆ ఇంటిపేరు చూసి అంతవరకూ ఒక్కడూ రాలేదన్న సంగతి వాళ్ళకేం తెలుసు? ఆ రోజుల్లోనే క్యాంపస్ హాస్టల్ నుంచి ఇద్దరు విద్యార్థులు వచ్చారు. ఉద్యమంలో చనిపోయిన తమ స్నేహితుడి బొమ్మ కావాలన్నారు.

"వాళ్ళమ్మ ఊరి నుంచి వస్తది అన్నా. ఇంట్ల ఒక్క ఫొటో గూడ లేదట. బొమ్మ ఆమెకే ఇస్తం."

వాళ్ళు తెచ్చింది హాల్‌టికెట్ మీది ఫొటో. సగం ముఖం మీద రబ్బరు స్టాంపు పడి ఉంది. గళ్ళు గీసుకుని, స్టాంపు కింది గడ్డాన్ని ఊహించి, మూడు రోజులు కూర్చుని వేశాను. బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

హాస్టల్ ముందు బల్ల మీద బొమ్మ పెట్టి దండ వేశారు. తల్లి సరిగ్గా దాని ఎదుటే నిలబడి చుట్టూ చూసింది.

"మా పిలగానిది ఏది?" అంది.

నేనే వెళ్ళి బొమ్మ చూపించాను. దగ్గరికి వంగి చూసింది.

"గింత తెల్లగ ఎందుకేసినవు సారు?"

"బాగుంటాడనమ్మా."

"నా కొడుకు మంచిగ లేడని నీకెవలు చెప్పిన్రు?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పెద్దమనుషులు అబద్ధాన్ని అడిగి మరీ వేయించుకున్నారు. నేను ఎవరూ అడక్కుండానే వేసి, ఈమెకు మిగిలిన ఒక్క ముఖాన్నీ లేకుండా చేశాను. ఇన్నేళ్ళూ నేను నవ్వింది ఎవణ్ణి చూసి?

బొమ్మనూ ఆమెనూ నా గదికి తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాను. ముదురు గోధుమ రంగు ట్యూబు మూత ఎంత తిప్పినా ఊడలేదు. వాడితే కదా! బ్లేడుతో కోశాను.

"ఏ రంగు ఉండేవాడమ్మా?"

"అచ్చం నా రంగే సారు. గదుమ కింద గాటుండె." చెయ్యి చాపి తన రంగు చూపించింది. ఆ చేతి పక్కనే రంగుల పలక పెట్టుకుని రంగు కలిపాను. గడ్డం కింద గాటు పెట్టాను.

పూర్తయ్యాక ఆమె లేచి దగ్గరికి వచ్చింది.

"పచ్చిగా ఉందమ్మా, అంటుకుంటుంది" అన్నాను.

వినిపించుకోకుండా కొడుకు చెంప నిమిరింది. రంగు వేళ్ళకు అంటింది. ఆ వేళ్ళ మీద అది ఎక్కడుందో నాకు కనిపించలేదు.