మా తాత సగం బకెట్ నీళ్లు

ఈ రోజు కల్లూరు చర్చిలో మా తాత జ్ఞాపకార్థ కూడిక జరిగింది. తాత నేవీలో పనిచేసి రిటైరయ్యాడు. నన్ను మాట్లాడమంటే భయమేసి నోటికొచ్చింది చెప్పేశాను.

"మా తాత నీళ్లకు శానా పిసినారి. సగం బకెట్‌తోనే పోసుకోమంటాండె."

అందరూ నవ్వారు. తాతతో ఓడలో పనిచేసిన రాజంపేట పెద్దాయన మాత్రం నవ్వలేదు.

"ఏమప్పా, ఓడలో మంచినీళ్లు కొలిచి ఇస్తాండ్రి. నాకు జ్వరమొస్తే మీ తాత తన వంతు కూడా నాకే తాపినాడు. నీకు చెప్పలేదా?"

తాత చెప్పబోయినప్పుడల్లా నేను ఫోన్ చూస్తూ "తెలుసులే" అనేవాణ్ణి. అది ఒప్పుకోలేక, "చెప్పినాడు" అని అబద్ధమాడాను. పెద్దాయన నమ్మి, సంతోషంగా నా భుజం తట్టాడు.

ఇప్పుడు ఆయనకు ఫోన్ చేసి నిజం చెప్పాలి. ఎట్లా మొదలుపెట్టాలో ఎవరైనా చెప్పండి.