చెవులకు బదులు పద్దెనిమిది వేల ఫోన్: నారాయణగూడ, అశోక్‌నగర్, చిక్కడపల్లిలో ఒక పగలు

నాకు వినబడదు. పుట్టుకతో వచ్చింది కాదు. నల్లగొండలో ఒక ప్రైవేటు బడిలో పదకొండేళ్లు తెలుగు చెప్పాను. ముప్పై ఆరో ఏట మొదలై మూడేళ్లలో రెండు చెవులూ పోయాయి. కుడి చెవికి మిషన్ ఉంది. దానితో చప్పుడు తెలుస్తుంది గాని మాట తెలియదు. బడి మానేసి రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాక, చిక్కడపల్లిలో పోటీ పరీక్షల పుస్తకాలు వేసే ఒక చిన్న ప్రచురణ సంస్థకు ప్రూఫులు దిద్దేవాళ్లు కావాలని తెలిసి మెయిల్ రాశాను. వినబడదన్న సంగతి కూడా అందులోనే రాశాను. రమ్మని జవాబు వచ్చింది. ఆ ఒక్క లైను వాళ్లు చదివారో లేదో తెలియదు.

అప్పటికి నెల కిందటే పద్దెనిమిది వేలు పెట్టి ఆండ్రాయిడ్ ఫోన్ కొన్నాను. చవకది కాదు, ఖరీదైనదీ కాదు. కొనే ముందు రివ్యూ వీడియోలు చాలానే చూశాను. అందరూ కెమెరా చూపించారు, గేములు ఆడి చూపించారు. ఎదుటివాళ్ల మాటను తెర మీద తెలుగులో రాసిపెట్టే యాప్ ఈ ఫోన్లలో ఎలా పనిచేస్తుందో ఒక్కరూ చెప్పలేదు. ఆ వీడియోల కింద తెలుగు అక్షరాలు వేసినవాళ్లు కూడా లేరు. నాలాంటివాళ్లు ఫోన్ కొంటారని వాళ్లకు తోచలేదు. అందుకని ఈ రివ్యూ నేను రాస్తున్నాను.

"ఫోన్‌ను నమ్ముకోని పట్నం పోతవానే? ఆగు, నేనొస్త" అంది మా అక్క పద్మ. ఆమె మాట నాకు పెదవులు చూస్తే తెలిసిపోతుంది.

"నువ్వొస్తే వాళ్లు నీతోనే మాట్లాడుతరు. నన్ను చూడను కూడా చూడరు" అన్నాను.

ఉదయం ఆరుంపావుకు నల్లగొండలో బస్సెక్కాను. తొమ్మిది దాటుతుండగా ఎంజీబీఎస్‌లో దిగి, పక్కనే మెట్రో ఎక్కాను. నారాయణగూడ రెండో స్టేషన్, టికెట్ ఇరవై రూపాయల లోపే. వినబడనివాళ్లకు మెట్రో సుఖం. రాబోయే స్టేషన్ పేరు తలుపు పైన కనబడుతుంది, ఎవరినీ అడిగే పని లేదు. దిగి, కొంచెం నడిచి ఒక టిఫిన్ సెంటర్‌లో కూర్చుని ఫోన్‌ను బల్ల మీద పెట్టాను. మొదటి పరీక్షలోనే తప్పింది. మూడు బల్లల మాటల్ని కలిపి ఒకే వాక్యం చేసింది: "రెండు ప్లేట్ ఇడ్లీ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది మా బావ చట్నీ." వడ్డించే ఆయన వచ్చి ఏదో అడిగితే "సాంబారు మంచి అలా నా పక్కకా" అని రాసింది. నేను ఆయన చేతిలోని గరిటె చూసి అర్థం చేసుకున్నాను. "సాంబార్ల ముంచాల్నా, పక్కకా?" అన్నాడన్న మాట. ముంచమన్నాను. డబ్బు ఫోన్‌తోనే కట్టాను. డబ్బు పడిందని పైకి చెప్పే డబ్బా మాట నాకు తెలియదు కాబట్టి గల్లా దగ్గరి ఆయన తల ఊపేదాకా నిలబడ్డాను.

అక్కడి నుంచి అశోక్‌నగర్‌కు ఆటో మాట్లాడాను. ఉద్యోగం వస్తే ఉండటానికి ముందుగా ఒక లేడీస్ హాస్టల్ చూడాలనుకున్నాను. డ్రైవర్ ఎనభై అన్నాడు, అరవైకి ఒప్పుకున్నాడు. అంకెలను ఫోన్ ఎప్పుడూ సరిగ్గానే రాస్తుంది, అది మెచ్చుకోవాలి. నేను ఫోన్ ముందుకు చాచి పట్టుకోవడం చూసి అతను అద్దంలోంచి కోపంగా చూశాడు.

"ఏందక్కా, వీడియో తీస్తున్నవా?"

"లేదన్నా. నాకు ఇనపడదు. నువ్వు మాట్లాడితే ఇందుల అక్షరాలు పడ్తయి."

అతను సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగి, "ఏదీ, జర ఆగు, సూడనీ" అన్నాడు. తెర మీద "జ్వరం ఆగు చూడని" అని పడింది. చదివి నవ్వాడు. "మన మాట దీనికి రాదక్కా" అన్నాడు. ఆ మాట నిజం. "పోతున్న" అంటే "పోతున్నాను" అని దిద్ది రాస్తుంది. దిద్దలేని మాటను మరేదో చేస్తుంది. మా నోటి మాటను తప్పుగా ఎంచడానికి దానికేం హక్కుందని నాకు ఒళ్లు మండింది. పైగా ఆటో కదిలితే గాలి మైకులో కొట్టి ఒక్క అక్షరం కూడా పడదు. ఎండ పడ్డ తెర, వెలుగు పూర్తిగా పెంచినా, చేతిని గొడుగు చేస్తే తప్ప కనబడలేదు. పది నిమిషాలకే వెనక భాగం వేడెక్కింది.

హాస్టల్ మూడంతస్తుల ఇల్లు. ముగ్గురుండే గదిలో మంచానికి తిండితో కలిపి నెలకు ఆరున్నర వేలు. నడిపే ఆవిడ పేరు శారద. ఆవిడ గదిలో మేమిద్దరమే ఉన్నాం, ఫ్యాను తప్ప మరో చప్పుడు లేదు. అక్కడ ఫోన్, మాటలు దిద్దినా, అర్థం దాదాపు తప్పకుండా రాసింది. ఆవిడ అడిగిన ప్రశ్నే ఇబ్బంది పెట్టింది.

"నిద్రల ఉన్నప్పుడు ఎవరన్న తలుపు కొడ్తె ఎట్ల లేస్తవమ్మా?"

చప్పుళ్లను గుర్తుపట్టే సదుపాయం ఫోన్‌లో ఉంది. తలుపు తట్టినా, నీళ్ల కుళాయి కారుతున్నా ఫ్లాష్ లైటు వెలిగించి చెబుతుంది. చూపిస్తానని, ఆవిడను బయట నిలబెట్టి తలుపు కొట్టమన్నాను. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారీ లేదు. మూడోసారికి లైటు టపటపా వెలిగింది. వైబ్రేషన్ మాత్రం ఎంత బలహీనమంటే, చేతిలో ఉంటే తెలుస్తుంది, సంచిలో ఉంటే తెలియదు. ఆ సంగతి ఆవిడ దగ్గర కూడా దాచలేదు.

"మీ ఇంటాయననో, అన్ననో వచ్చి సంతకం పెడ్తే ఇస్తనమ్మా" అంది శారద గారు.

"నాకు ఇంటాయన లేడు. నలభై ఒక్క ఏండ్లున్నయి. నా సంతకం నేనే పెడ్త" అన్నాను. ఆవిడ సొరుగులోంచి రిజిస్టరు తీసి, "ఆధార్ జిరాక్స్ ఇచ్చి పో. కిటికీ పక్క మంచం ఆపుత" అంది.

అక్కడి నుంచి చిక్కడపల్లికి పావుగంట నడక. అక్కడి పెద్ద గ్రంథాలయం బయట మెట్ల మీద, గోడల నీడన, పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్లు కనబడ్డారు. వాళ్లు కొనే పుస్తకాల్లో తప్పుల్లేకుండా చూసే పని నాకు కావాలి. ఆ ఆలోచనతోనే, పన్నెండు కొట్టేసరికి ఒక గల్లీలో ఆ సంస్థ ఉన్న మేడ ఎక్కాను.

యజమాని రాజేందర్ గారికి అరవై దాటి ఉంటాయి. పక్కన ప్రూఫులు చూసే పెద్దాయన, వెంకటరమణ గారు. ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. గది ఆ చివర బల్లల దగ్గర నలుగురు తలలు వంచుకుని పని చేసుకుంటున్నారు. నమస్కారం చేసి, సంగతి చెప్పి ఫోన్ బల్ల మీద పెట్టాను. రాజేందర్ గారికి అది అర్థం కాలేదనుకుంటాను. నా వైపు చూసి నవ్వి, పెద్దాయన వైపు తిరిగి గొంతు తగ్గించి మాట్లాడారు. రెండు గజాల దూరం. టిఫిన్ సెంటర్‌లో చట్నీ దగ్గర తడబడిన ఫోన్ ఇక్కడ, దిద్ది రాసినా, ఒక్క మాట కూడా వదల్లేదు.

"ఇనపడనామెతోని ఏం పని అయితది సార్. నాలుగు ముచ్చట్లు చెప్పి పంపిద్దాం."

"ఇంత దూరం వచ్చింది కదండీ. నాలుగు పేజీల ప్రూఫు ఇచ్చి చూడండి" అన్నారు పెద్దాయన.

లేచి వెళ్లిపోదామా అనిపించింది, ఒక క్షణం మా అక్క ఉంటే బాగుండుననీ అనిపించింది. తర్వాత ఫోన్‌ను ఆయన వైపు తిప్పి ముందుకు జరిపాను.

"సార్, మీరన్నది ఇక్కడ పడ్డది. నా గురించి మాట్లాడాల్నంటే నాతోనే మాట్లాడున్రి."

ఆయన చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "తప్పుగ అనుకోకమ్మా. ఇక్కడ ఫోన్లొస్తయి, ప్రెస్సోళ్లతోని మాట్లాడాలె..."

"ఫోన్లెత్తేటందుకు మీ దగ్గర నలుగురున్నరు. ప్రూఫులు చూసేటోళ్లు ఎందరు సార్?"

వెంకటరమణ గారు తెరకు దగ్గరగా వంగి, ఒక్కో మాట విడదీసి చెప్పారు. "నేనొక్కణ్ణేనమ్మా. నా కళ్లు కూడా ఇంక ఒప్పుకోవట్లేదు."

రాజేందర్ గారు లేచి నన్ను రమ్మని సైగ చేశారు. ప్రూఫులున్న గది కింద సెల్లార్‌లో, అచ్చు యంత్రం పక్కన. మెట్లు దిగగానే నెట్ పోయింది. నా ఫోన్‌లో ఆ యాప్ తెలుగు రాయాలంటే నెట్ ఉండాల్సిందే. రాజేందర్ గారు మాట్లాడుతున్నారు, తెర తెల్లగా ఉంది. ఈ ఫోన్‌కు ఇంతకన్నా పెద్ద లోపం లేదు. నేను సంచిలోంచి పెన్నూ కాగితమూ తీసి ఆయన చేతిలో పెట్టాను. కొంచెం విసుగ్గానే "నాలుగు పేజీలు. ఒక గంట" అని రాసిచ్చారు. అక్షరాలు చిన్నవి కాబట్టి ఫోన్‌ను భూతద్దంలా వాడదామనుకున్నాను. ట్యూబ్‌లైటు వెలుగులో, దగ్గరి వస్తువులు తీసే చిన్న కెమెరా మసకబారింది. అసలు కెమెరాతో పెద్దది చేసి చూస్తే స్పష్టంగా ఉంది. యంత్రం నడుస్తుంటే బల్ల అదురుతోంది. పనివాళ్లు ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటున్నారు. చెవి మిషన్ తీసి సంచిలో వేసుకున్నాక, ఆ చప్పుడుతో ఇబ్బంది లేనిదాన్ని అక్కడ నేనొక్కదాన్నే.

గంటలో ఇరవై మూడు తప్పులు పట్టాను. ఒక ప్రశ్నకు సరైన జవాబు నాలుగు ఎంపికల్లోనూ లేదని పక్కన రాశాను. పైకి వెళ్లాక వెంకటరమణ గారు నేను వదిలేసిన రెండు తప్పులు చూపించారు గాని, ఆ ప్రశ్న దగ్గర ఆగి, "ఇది నేనూ చూడలేదండీ" అని రాజేందర్ గారికి చూపించారు.

"మంచిగ జూసినవమ్మా" అన్నారు రాజేందర్ గారు, ఈసారి నా ముఖం చూస్తూ. "ఒక పని చేద్దాం. కాయితాలు నల్లగొండకే పంపిస్త. ఇంట్ల కూసోని చూడు. నీకు తకలీఫ్ ఉండదు."

ఆయన మంచికే అన్నారు. కాని ఆ ఇంట్లో రెండేళ్లు ఎలా గడిచాయో నాకు తెలుసు. అందరూ నా ముందే మాట్లాడుకుంటారు, ఏమిటని అడిగితే "ఏం లేదు" అంటారు.

"ఇంట్ల కూసునేటట్టయితే ఇంత దూరం రాకపోదును సార్. నాకు ఇక్కడ కుర్చీ కావాలె. మీరు నలుగురు కూసోని మాట్లాడుకునేటప్పుడు నన్ను గూడ పిలువాలె."

వెంకటరమణ గారు లేచి, తన పక్క కుర్చీ మీదున్న కాగితాల కట్టలు తీసి కింద పెట్టారు.

"సోమవారం రా. రెండు నెలలు చూస్త" అన్నారు రాజేందర్ గారు.

"చూడున్రి సార్. నేను గూడ చూస్త" అన్నాను.

రెండున్నరకు చిక్కడపల్లి స్టేషన్‌లో మెట్రో ఎక్కాను. పొద్దున నిండుగా ఉన్న బ్యాటరీ, తెర అంతసేపు వెలుగుతూనే ఉన్నా ఇంకా పావు వంతు మిగిలింది. ఈ ధరకు అది గొప్పే. దీనికి మూడింతలు పెట్టి కొంటే మైకు బాగుంటుంది, ఎండలో తెర బాగా కనబడుతుంది అంటారు. ఉండవచ్చు. కాని సెల్లార్‌లో నెట్ లేకపోతే అదీ మూగబోతుంది, మన మాట దానికీ రాదు. అవి నా పేదరికం వల్ల వచ్చిన లోపాలు కావు, చేసినవాళ్లు మమ్మల్ని లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల వచ్చినవి. ఫోన్ నాకు చెవులు ఇవ్వలేదు. నా ముందే నా గురించి చాటుగా మాట్లాడే వీలు మాత్రం ఎవరికీ లేకుండా చేసింది. తర్వాత ఏమనాలో అది చెప్పలేదు. ఆ మాటలు నావే.

ఇలాంటి పనికే ఫోన్ కొనేవాళ్లకు ఒక్క సలహా: ఏసీ షాపులో పరీక్షించి తృప్తి పడవద్దు. షాపువాళ్లు వద్దన్నా వినకుండా గుమ్మం బయటికి, రోడ్డు మీదికి తెచ్చి, ఎవరినైనా మీ ఊరి మాటలో రెండు నిమిషాలు మాట్లాడమనండి. తెర మీద పడింది చదివాకే డబ్బు కట్టండి.