ఇంజన్ విప్పమన్నదెవరు

మా వదిన విన్నీ డౌస్ ఎవరినీ ఒక పట్టాన నమ్మేది కాదు. పాలవాడు గుమ్మంలో పెట్టిపోయిన సీసా మూత తీసి వాసన చూశాకే టీలో పోసేది. మా అన్న క్లెమ్ కారు చక్రాల నట్లు బిగించి లేవగానే తాను పానా అందుకుని మళ్లీ ఒక్కొక్కటీ బిగించి చూసేది. "అపనమ్మకం నీ మీద కాదు, నట్ల మీద," అనేది. అన్న నవ్వి ఊరుకునేవాడు. అతనికి ఇంగ్లండులో హార్న్‌కాజిల్ దగ్గర ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉండేది.

విన్నీ పెళ్లికి ముందు నుంచే బేకరీ వ్యాను నడిపేది. లింకన్‌షైర్ కొండదారుల్లో పల్లెపల్లెకూ రొట్టెలు వేసి వచ్చేది. మలుపులో బండి కుదిపితే ట్రేలు జారి కేకుల మీది క్రీమంతా వ్యాను గోడకు అంటుకుంటుంది. నెమ్మదిగా వెళ్తే రొట్టె చల్లారిందని ఇంటింటా సణుగుడు. అందుకని వేగం తగ్గకుండా, కుదుపు తెలియకుండా తిప్పడం అలవాటు చేసుకుంది. క్లెమ్ ఒకసారి ఆమె పక్కన కూర్చుని వచ్చి, దిగాక వ్యాను చుట్టూ తిరిగి చక్రాలన్నీ చూశాడు. ఆ శీతాకాలంలోనే ఒక పాత హిల్‌మన్ ఇంప్ కారు కొని, లోపలి సీట్లు పీకేసి, దానికి రేసు ఇంజన్ కట్టడం మొదలుపెట్టాడు.

అవి అరవైల చివరి సంవత్సరాలు. వారమంతా పిల్లల్ని బడికీ పందిపిల్లల్ని సంతకీ తీసుకెళ్లిన కార్లే ఆదివారం తలుపుల మీద నంబర్లు అంటించుకుని క్యాడ్‌వెల్ పార్కు రేసు మైదానానికి వచ్చేవి. తడి గడ్డి, కాలిన నూనె, పెనం మీద వేగే బేకన్, అన్నీ కలిసి ఒకటే వాసన. నేను స్టాప్‌వాచీ పట్టుకుని కంచె పక్కన నిలబడేదాన్ని. ఇంప్ ఇంజన్ వెనక ఉంటుంది కాబట్టి మిట్ట మీదికి పోయే ఎక్కుడు మలుపులో దాని మూతి గాల్లోకి లేచేది. ఆ క్షణంలో అందరూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేవారు. విన్నీ తీసేది కాదు.

మొదట్లో అందరికీ అది వేడుకగానే ఉండేది. రాడ్నీ ఎల్విడ్జ్ అని, పందులు పెంచేవాడు, ఎర్ర మినీ కారు నడిపేవాడు. అతని భార్య జీన్, విన్నీ మంచి స్నేహితులు.

"ఏం పోస్తున్నావమ్మా దాంట్లో? పెట్రోలేనా?" అనేవాడు రాడ్నీ.

"నీ పందుల దాణా. అందుకే వెనక్కి చూడకుండా పరిగెడుతోంది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు. ఆమె వరసగా గెలవడం మొదలుపెట్టాక ఆ నవ్వులు పలచబడ్డాయి. ఆడమనిషి ఆ మలుపులో కాలు తియ్యకపోవడమేమిటి, క్లెమ్ నిబంధన దాటి ఇంజన్ కొలతలు పెంచేశాడు, అని గుసగుసలు. విన్నీ టీ కొట్టు దగ్గరికి వెళ్తే మాటలు ఆగిపోయేవి.

"నన్ను చూడగానే చక్కెర గురించి మాట్లాడుకుంటున్నారు," అంది ఒకసారి నాతో. "ముగ్గురు మగాళ్లకు చక్కెర గురించి మాట్లాడేందుకు ఏముంటుంది?"

ఆ ఆగస్టులో చివరి చుట్టులో రాడ్నీని దాటి గెలిచింది. ఆమె హెల్మెట్ తీసీ తీయకముందే కార్ల తనిఖీ చేసే పాస్క్ వానకోటు గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు.

"ఇంజన్ విప్పాలమ్మా."

"ఎవరు విప్పమన్నారు?"

"అది చెప్పే పద్ధతి లేదు."

వానలో టార్పాలిన్ కింద క్లెమ్ ఇంజన్ విప్పాడు. రేసుకొచ్చిన మగాళ్లలో సగం మంది చుట్టూ చేరారు. పాస్క్ కొలిచాడు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ కొలిచాడు.

"అంతా నిబంధనల ప్రకారమే ఉంది. గెలుపు ఆమెదే," అన్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "అయితే గేర్‌బాక్సులో ఉండుంటుంది," అని వెనకనుంచి ఒక గొంతు. ముందు వరసలో రాడ్నీ పంది మాంసం కూరిన రొట్టె తింటూ, విన్నీ చూసేసరికి కన్ను కొట్టాడు.

"చూశావా?" అంది నాతో.

"పలకరింపుగా కొట్టాడేమో."

"తప్పు చేసినవాడే కన్ను కొడతాడు. వీడే చెప్పాడు."

క్లెమ్ తల వంచుకుని పిస్టన్లు కిరోసిన్‌లో కడుగుతున్నాడు.

అప్పటినుంచి విన్నీ రాడ్నీతో మాట్లాడలేదు. జీన్ ఇంటికి వస్తే తలుపు సగమే తీసి, చలిగాలి లోపలికొస్తోందని చెప్పి వేసేసింది. జీన్ మళ్లీ రాలేదు. విన్నీ వాళ్లమ్మ పోయినప్పుడు ఎల్విడ్జ్‌ల ఇంటి నుంచి గిన్నెలో పెద్ద హామ్ ముక్క, పంది తొడమాంసం, వచ్చింది. దాన్ని మూత తీసి చూసి, అలాగే తీసుకెళ్లి కుక్కకు పెట్టింది. క్లెమ్ వంటింటి గుమ్మంలో నిలబడి చూశాడు.

మరి కొన్నాళ్లు రేసులకు వెళ్లింది గానీ అనుమానం ఆమెను తినేసింది. ఇంజన్ మూత మీద దారప్పోగు అంటించి, ఎవరైనా తీశారేమో అని పొద్దున్నే చూసుకునేది. ఫ్లాస్కులో టీ ఎవరికీ పోసేది కాదు, ఎవరు పోసినా తాగేది కాదు. చివరికి ఒక వసంతంలో ఇంప్ మీద దుప్పటి కప్పేసింది. "అద్దంలో వెనకొచ్చే కార్లను చూడాల్సిందాన్ని, మనుషుల మొహాలు చూస్తున్నాను. ఇలాగైతే చెట్టుకు గుద్దుతాను," అంది.

ఇరవయ్యేళ్ల తర్వాత పాత రేసు కార్లన్నిటినీ ఒకచోట చేర్చే పండగలాంటిది పెట్టారు. క్లెమ్ దుప్పటి తీసి, మీదున్న కోడిరెట్టలు గీకి, ఇంప్‌ను బతికించాడు. విన్నీకి అరవై దగ్గరపడుతోంది. మైదానంలో పాస్క్ మోకాళ్ల మీద కంబళితో మడతకుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె తిన్నగా అతని దగ్గరికి వెళ్లింది. వెనకే క్లెమ్, నేనూ.

"ఇప్పుడు చెబితే ఎవరికీ నష్టం లేదు. రాడ్నీయే కదా?"

"రాడ్నీనా?" పెద్దాయన తికమకపడ్డాడు. "అతనికేం సంబంధం? అడిగింది మీ ఆయనే. మీకు తెలుసనుకున్నానే."

విన్నీ వెనక్కి తిరిగింది.

"జనం నోరు మూయిద్దామని," అన్నాడు క్లెమ్. "గెలిచేది నువ్వు కాదు, దొంగ ఇంజన్ అంటున్నారు. విప్పి చూపిస్తే ఆగుతుందనుకున్నాను."

"నాకో మాట చెప్పొచ్చుగా."

"చెబితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు." అతని వైపు ఒక అడుగు వేసింది. "మరి తర్వాతో? నేను హామ్ కుక్కకు పెడుతుంటే చూస్తూ నిలబడ్డావు."

"మొదటి వారంలో చెబుదామనుకున్నాను. అది దాటాక కష్టమైపోయింది."

ఆమె ఎర్ర మినీ దగ్గరికి నడిచి వెళ్లింది. రాడ్నీ బాగా లావయ్యాడు, చేతికర్ర వచ్చింది. జరిగిందంతా నిలబడే చెప్పింది.

"నేను చెప్పలేదు," అన్నాడు రాడ్నీ అంతా విని. "కానీ ఆ ఆలోచన తట్టుంటే చెప్పేవాణ్ణే విన్నీ. నాకూ అనుమానం ఉండేది. అందులో ఏముందో చూద్దామనే ముందు వరసలో నిలబడ్డాను."

"నిజం చెప్పావు, చాలు," అంది. "జీన్ ఎక్కడ?"

జీన్ కారు అవతల పక్కన కుర్చీలో అల్లిక చేసుకుంటోంది. తలెత్తి చూసింది గానీ లేవలేదు. "చలిగాలి తగ్గిందా?" అని అడిగింది. విన్నీ ఆమె పక్కన గడ్డి మీదే కూర్చుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. మైకులో పేరు పిలిచేదాకా విన్నీ లేవలేదు.

ఆ మధ్యాహ్నం ఇంప్‌తో ఎక్కుడు మలుపులో ఆమె కాలు తీసింది. ఇంజన్ గొంతు మారడం నేను కంచె దగ్గర నిలబడి విన్నాను. వయసు వల్లనా, మనసు అక్కడ లేకనా అని అడగలేదు.

క్లెమ్ ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు. చివరి రోజుల్లో అతనికి చెంచాతో సూప్ పట్టింది ఆమే. ఒకరోజు అతను నిద్రపోతుంటే నాతో మెల్లగా అంది:

"వాళ్ల నోరు మూయిద్దామనే విప్పించాడంటావా? తను కట్టిన ఇంజన్ అందరికీ చూపించుకుందామని కాదూ?"

"నీ కోసమే వదినా," అన్నాను.

"నీకెవరు చెప్పారు?" అంది, సూప్ గిన్నె తీసుకుని లేస్తూ.