అన్‌ఫిట్ అయినవాడికి అంబలి

ఓడలో వంటవాడికి ఒక గౌరవం ఉంటుంది. ఇంజను మొరాయిస్తే రెండు రోజులైనా ఓర్చుకుంటారు గానీ కూర చెడితే ఒక్క పూట ఓర్చుకోరు. ఆ గౌరవంతోనే చాలా ఏళ్ళు సరుకు ఓడల మీద తిరిగాను. మాది శ్రీకాకుళం దాటాక సముద్రం ఒడ్డున చేపలు పట్టుకు బతికే ఊరు. మా నాన్న తెడ్డు వేసిన నీళ్ళ మీదే నేను గరిటె తిప్పుతున్నానని ఊళ్ళోవాళ్ళు ఆటపట్టించేవారు. నాకు కోపం వచ్చేది కాదు. నా చేతి వంట మీద నాకు నమ్మకం ఉండేది, నిజం చెప్పాలంటే కాస్త పొగరు కూడా ఉండేది.

హుద్‌హుద్ తుపాను వచ్చిపోయిన మరుసటి ఏడాది, సెలవు ముగిసి మళ్ళీ ఓడ ఎక్కే ముందు విశాఖపట్నంలో మెడికల్ పరీక్షకి వెళ్ళాను. ఓడ ఎక్కే ప్రతివాడికీ అది తప్పదు. డాక్టరు రక్తం తీయించాడు, బీపీ చూశాడు, పొట్ట చుట్టూ టేపు పెట్టి కొలిచి నా ముఖంలోకి చూశాడు. సుగరు, బీపీ రెండూ హద్దు దాటాయన్నాడు. ఇప్పటికి అన్‌ఫిట్ అని రాసి, మాత్రలిచ్చి, తిండి మార్చుకుని వర్షాలు పడ్డాక రమ్మన్నాడు. అప్పటికీ దిగకపోతే ఓడ ఉద్యోగం మరిచిపోవాలని మెల్లగానే చెప్పాడు.

మెల్లగా చెప్పినా కత్తి కత్తే. నలభై దాటినవాణ్ణి. నాకు తెలిసిన పని ఇదొక్కటే. వల అల్లడం ఎప్పుడో మరిచిపోయాను. ఊరందరికీ నేను ఓడ ఉద్యోగస్తుణ్ణి. వండిపెట్టి బతికేవాణ్ణి ఆ తిండే పడగొట్టిందంటే చెప్పుకోవడానికి కూడా సిగ్గేసింది.

ఇంట్లో చెప్పగానే వైద్యం మొదలైంది. మా ఆవిడ మా మేనమామ కూతురే. సుగరు వచ్చినవాళ్ళు అన్నం మానేసి చపాతీలు తినాలని ఆమెకి గట్టి నమ్మకం. ఆమెనని ఏం లాభం, మా జిల్లాల్లో ఎవరికి సుగరు వచ్చినా ముందు ఇంట్లోకి వచ్చేది గోధుమపిండే. పూటకి నాలుగైదు చపాతీలు నూనె కారుతూ వచ్చేవి, పక్కన బంగాళాదుంప వేపుడు. అన్నం ముట్టలేదు కదా అని నేనూ ధైర్యంగా లాగించేవాణ్ణి. కొడుకు నీరసించిపోతాడని మా అమ్మ చాటుగా వంజరం చేప ముక్కలు వేయించి పెట్టేది. నెల తిరిగాక శ్రీకాకుళంలో రక్తం చూపించుకుంటే, సుగరు దిగలేదు సరికదా ఇంకో మెట్టు ఎక్కింది. ఆ మిషను మంచిది కాదని మా ఆవిడ తేల్చేసింది.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుంటే మా కెప్టెన్ గుర్తొచ్చాడు. గ్రీసు దేశపు మనిషి. అరవై దాటినా ఓడ నిచ్చెన చకచకా ఎక్కేసేవాడు. అతని భోజనం చూస్తే మాకు జాలి. ఆకులు ఉడకబెట్టి, నిమ్మరసం పిండి, పైన ఆలివ్ నూనె పోయమనేవాడు. వాళ్ళ మతంలో ఉపవాసమని శుక్రవారం మాంసం ముట్టుకోడు, ఉడికించిన పప్పు మీద ఇంత వెనిగర్ చల్లుకుని ఆనందంగా తినేవాడు. కెప్టెనై ఉండి మేకలాగా ఆకులు నములుతాడేమిటని నవ్వుకుంటూ మేం కోడి వేపుడు తినేవాళ్ళం.

ఒకసారి ఓడ బాగుచేతకని అతని ఊరి దగ్గరి రేవులో ఆగింది. నన్ను ఇంటికి భోజనానికి తీసుకెళ్ళాడు. అతని తల్లి, నల్ల బట్టలు కట్టుకున్న ముసలావిడ, కొండ వాలున తానే కోసుకొచ్చిన ఆకుకూర వండింది. రాయిలా గట్టిపడ్డ బార్లీ రొట్టెని నీళ్ళలో తడిపి పెట్టింది. వేలెడు పొడుగు చేపలు కంచం నిండా వడ్డించింది. పెద్ద చేప లేదా అన్నట్టు నేను చూస్తే కెప్టెన్ అర్థం చేసుకున్నాడు. పెద్దవి బజారుకి పోతాయి, చిన్నవి ఇంటికొస్తాయి అన్నాడు.

అది మా ఇంటి మాట. నాన్న బతికున్నప్పుడు వంజరం, చందువా ఒడ్డు మీదే వ్యాపారి బుట్టలోకి పోయేవి. కవళ్ళు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపలు ఇంటికొచ్చేవి. అమ్మ వాటితో చింతపండు పులుసు పెట్టేది. ఎండిన ఆనపకాయ బుర్రలో చోడి అంబలి పోసుకుని నాన్న వేటకి వెళ్ళేవాడు. రాగుల్ని మా వైపు చోళ్ళంటాం. మా ఓడలో పనిచేసిన ఫిలిప్పీన్స్ వాళ్ళూ అంతే, ఇంటి మీద బెంగ పుడితే చింతపండు వేసి చేపల చారు కాచుకుని, అందులో వాళ్ళ ఊరినుంచి తెచ్చుకున్న ఎండు మునగాకు వేసుకునేవాళ్ళు. వాళ్ళలో ఒక్కడికీ పొట్ట లేదు. ఊళ్ళు తిరిగి ఇందరి ఇంటి వంటలు చూసిన నాకే ఉంది. నేను ఓడ ఎక్కి డబ్బు పంపడం మొదలుపెట్టాకే మా ఇంట్లో అంబలి కుండ అటక ఎక్కిందని అప్పుడు తట్టింది.

లేచి వంటింట్లోకి వెళ్ళి, రేపటి నుంచి నాకు అంబలి కాచమని, కవళ్ళ పులుసు, ఆకుకూరలు, ఉలవచారు తప్ప ఇంకేమీ వద్దని అమ్మకి చెప్పాను. వెక్కిరిస్తున్నాననుకుంది. వెక్కిరింత కాదని తెలిశాక ఇంకా మండిపడింది.

"ఓడ మీద సంపాయించినోడికి అంబలి పోస్తన్నానంటే ఊరోళ్ళు నా మొకాన ఉమ్ముతారు. అది ఏటీ నేనోళ్ళ కూడు రా. ఆ కూడు తప్పించడానికే మీ నాయిన నిన్ను సదివించినాడు," అంది.

నా మొండితనం ఆవిడ దగ్గర నేర్చుకున్నదే కదా. మర్నాడు నేనే పొయ్యి ముందు కూర్చున్నాను. మరుగుతున్న నీళ్ళలో చోడిపిండి ఒక్కసారిగా కుమ్మరించాను. ఉండలు కట్టి, అడుగంటి, ఇల్లంతా మాడు వాసన. దేశదేశాల వాళ్ళకి వండిపెట్టిన చెయ్యికి అంబలి లొంగలేదు. అమ్మ గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. ఓడోళ్ళు పాపం ఇదే తిన్నారేటి అని గొణిగి, నా చేతిలో గరిటె లాక్కుంది. పిండి ముందురోజే నీళ్ళలో కలిపి పులవనివ్వాలట, నూకలు మెత్తగా ఉడికాక ఆ పులిసిన పిండి సన్నగా పోస్తూ ఆపకుండా కలపాలట. అవన్నీ నన్ను తిడుతూనే చెప్పింది.

అలా ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. నేను అంబలి తాగేటప్పుడు వీధి తలుపు వేసి ఉండాలి. ఎవరైనా పిలిస్తే గిన్నె మీద కంచం బోర్లించేది. దొంగసారా తాగినట్టు నా ఇంట్లో నేను అంబలి తాగాను, మజ్జిగ కలుపుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ. పొద్దున్నే ఒడ్డుకి పోయి అలివి వల లాగేవాళ్ళతో కలిసి నేనూ తాడు పట్టుకునేవాణ్ణి. వాళ్ళిచ్చిన కవళ్ళు తెచ్చుకుని పులుసు పెట్టించుకునేవాణ్ణి. కాలవ గట్టు మీది పొన్నగంటి ఆకు మా ఆవిడ కోసుకొచ్చేది, గోధుమపిండి డబ్బా ఆమే ఖాళీ చేసేసింది. నువ్వుల నూనె చెంచాతో పోసేవాళ్ళు. డాక్టరిచ్చిన మాత్రలు మానలేదు. ప్యాంటు వదులైంది. అయినా తలుపు మాత్రం మూసే ఉండేది.

ఒక ఆదివారం మా మేనమామ, అంటే మా మావగారే, విజయనగరం వైపు నుంచి అరసవల్లి దర్శనానికి వచ్చి, చెప్పాపెట్టకుండా భోజనాల వేళకి మా ఇంటికి వచ్చేశాడు. అల్లుడు ఓడలో ఉద్యోగమని తన ఊళ్ళో గొప్పగా చెప్పుకునే మనిషి. తలుపు తోసుకుని వచ్చేసరికి నేను అంబలి గిన్నెతో దొరికిపోయాను. పక్కన తోటకూర, పెసరపచ్చడి. ఆదివారం సూర్యనారాయణమూర్తి రోజని మా ఇంట్లో నీచు వండరు కాబట్టి చేప కూడా లేదు. ఆయన గిన్నెకేసి చూశాడు, నా తగ్గిన ఒళ్ళు చూశాడు, ముఖం వాడిపోయింది. గొంతు తగ్గించి తన అక్కని, అంటే మా అమ్మని అడిగాడు.

"అప్పా, అల్లుడికి ఉజ్జోగం పోయిందేటి?"

అమ్మ చేతిలో కంచం ఉంది. ఎప్పటిలాగే మూత పెట్టడానికి తెచ్చిన కంచం. తమ్ముడి ముందు ఇలా చిన్నబోవడానికే ఇన్నాళ్ళూ భయపడింది. ఆవిడ నా ముఖం చూసింది. తర్వాత ఆ కంచం తమ్ముడి ముందు వేసి, వెళ్ళి వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తీసింది.

"పోనేదు. పోకుండా నాను సూస్తన్నాను. నా కొడుకు పానానికి ఇదే మంచిదని తెలిసినాది, ఇదే పోస్తన్నాను. కూకో, నీకూ పోస్తాను," అంది, వీధిలోకి వినపడేలాగే.

ఏ దేశపు రేవులోనూ ఏ భోజనం బల్ల దగ్గరా నాకు అంత గర్వంగా అనిపించలేదు. మావ బిగుసుకు కూర్చుని, అమ్మ గిన్నెలో పోసిచ్చిన అంబలి ఒక గుక్క తాగాడు. తర్వాత గిన్నె ఖాళీ చేసి మళ్ళీ చాపాడు. వాళ్ళ అమ్మ అంబలిలో ఇలాగే పులుపు ఉండేదన్నాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ వాళ్ళ అమ్మ గురించి మాట్లాడుకుంటూ పొద్దు పోయేదాకా కూర్చున్నారు.

వర్షాలు పడ్డాక విశాఖపట్నం వెళ్ళాను. డాక్టరు రిపోర్టులు ఒకటికి రెండుసార్లు తిప్పి చూశాడు. సుగరు దిగింది, బీపీ దారికొచ్చింది. ఫిట్ అని రాసి సంతకం పెట్టాడు. ఏం చేశారని అడిగితే, తొందరలో "డైట్ సార్," అనేసి బయటికొచ్చాను. మెట్ల మీదే నిలబడి అమ్మకి ఫోను చేసి ఫిట్ అయ్యానని చెప్పాను. అటునుంచి ఆవిడ ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది.

"ఎవులొండినారో సెప్పినావా, ఆ డాట్రుకి?" అని అడిగింది.

చెప్పలేదన్నాను.

"మరి సెప్పు," అని ఫోను పెట్టేసింది.

మళ్ళీ మెట్లెక్కాను. బయట కూర్చున్న అమ్మాయి, మీది అయిపోయింది కదండీ అంది. ఒక్క మాట మిగిలిందని చెప్పి లోపలికి వెళ్ళాను. డాక్టరు తలెత్తాడు.

"డైట్ కాదు సార్," అన్నాను. "మా అమ్మ వండింది."

ఆయన కళ్ళజోడు తీసి, ఏం వండిందో చెప్పమన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పిండి పులవబెట్టడం దగ్గర మొదలుపెట్టి, మా అమ్మ ఎలా చెప్పిందో అలాగే, ఒక్కటీ వదలకుండా చెప్పాను.