జాగ్రత్తక్క మూసిన కుళాయి

ఆ లాండ్రీలో అందరూ ఆవిడను జాగ్రత్తక్క అనేవారు. మొదట్లో చాటుగా అనేవారు, తరువాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆవిడేమో అది పొగడ్త అనుకుంది. "నేల తడిగా ఉంది, జాగ్రత్త. ఇస్త్రీ కాలుతోంది, జాగ్రత్త. తలుపు సందులో వేళ్ళు, జాగ్రత్త." పొద్దున లోపల అడుగుపెట్టింది మొదలు సాయంత్రం గేటు దాటేదాకా ఈ మాట ఆవిడ నోట్లో నానుతూనే ఉండేది. ఇంట్లోనూ అదే వరస. తాళం వేశాక రెండుమూడు సార్లు లాగి చూడనిదే మెట్లు దిగేది కాదు. సందు చివరిదాకా వెళ్ళిన మొగుణ్ణి వెనక్కి పిలిచి, గ్యాసు కట్టేసి ఉందో లేదో చూసి రమ్మనేది. ఆయన నవ్వుకుంటూ వెళ్ళి, నవ్వుకుంటూ వచ్చి, "కట్టే ఉంది మహాతల్లీ" అనేవాడు. అది ఎప్పుడు చూసినా కట్టే ఉండేది. అంచేత ఈ లోకం నడుస్తున్నది తన జాగ్రత్త వల్లనేనని ఆవిడకు గట్టి నమ్మకం కుదిరింది.

దుప్పట్లు మడతపెట్టే పనిలో చేరి, మెల్లగా పైకొచ్చి, ఉతికే గదికి పెద్దదిక్కయింది. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రి తెల్లకోట్లు మూటలు మూటలుగా ఆ గదికే వచ్చేవి. "నా చేతికింద ఇంతవరకూ ఒక్క పొరపాటు జరగలేదు" అని ఓనరుగారితో అనేటప్పుడు ఆవిడ మెడ కాస్త నిటారుగా లేచేది.

అలాంటి గదిలోకి ఆవిడ ఆడపడుచు పనికి వచ్చింది. ఆడపడుచులు వదినల మీద పెత్తనం చేస్తారని అందరూ అంటారు గానీ ఇక్కడ కథ తిరగబడింది. "ఇంట్లో నువ్వు నా ఆడపడుచువి. ఇక్కడ మాత్రం అందరిలో ఒకతెవి, గుర్తుంచుకో" అంది వదిన. "అలాగే మేడమ్‌గారూ" అంది పిల్ల. మనిషి చురుకు, నోరు ఇంకా చురుకు. అంతకుముందు ఏ పనిలోనూ కుదురుకోలేదు. ఇక్కడ మాత్రం మిషన్ల మోతకు తగ్గట్టు ఏదో పాట పాడుకుంటూ ఇట్టే అతుక్కుపోయింది. ఈ పనంటే ఆ పిల్లకు ప్రాణం అన్న సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు.

గదిలో మూడు పాత మిషన్లు, ఈమధ్యే వచ్చిన కొత్త మిషన్ ఒకటి. పాతవాటికి సబ్బునీళ్ళ కుళాయి పిడి పైకెత్తితే మూసుకుంటుంది, కిందికి దించితే తెరుచుకుంటుంది. కొత్తది బిగించినవాడు ఏ ధ్యాసలో ఉన్నాడో, దానికి మాత్రం అంతా తలకిందులు. దించితే మూసుకుంటుంది, ఎత్తితే సబ్బు ధారకడుతుంది. జాగ్రత్తక్క ఈ సంగతి మొదటిరోజే కనిపెట్టింది. కనిపెట్టి ఏం చేసింది? అందరినీ నిలబెట్టి, "కొత్తదానికి కిందికి. జాగ్రత్త!" అంది. దాంతో తన బాధ్యత తీరిపోయిందనుకుంది.

ఒకరోజు మధ్యాహ్నం ఆడపడుచు నాలుగు పిడులూ చకచకా పైకెత్తేసి టీకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి నురగ గది దాటి, వరండా దాటి, ఓనరుగారి గుమ్మం ఎక్కేసింది. ఆసుపత్రి కోట్ల మూట అందులో ఎక్కడ మునిగిందో అంతుపట్టలేదు. ఏమిటీ గోల అని బయటికొచ్చిన ఓనరుగారు జర్రున జారి, కూర్చున్నది కూర్చున్నట్టే వరండా ఆ చివరిదాకా వెళ్ళిపోయారు.

"మూశాను వదినా! ఈ చేత్తోనే మూశాను, ఒట్టు!" అంది పిల్ల.

"పైకెత్తి ఉంటావు. ఎన్నిసార్లు చెప్పాను? ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తే కదా! నీ ధ్యాసంతా టీ మీదా కబుర్ల మీదా!"

అందరి ముందూ అనేసింది. పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది.

ఓనరుగారు నడుం పట్టుకుని లేచి, "గది మీది. ఈ అమ్మాయిని ఉంచాలో పంపాలో రేపు మీరే తేల్చి చెప్పండి" అన్నారు. జాగ్రత్తక్క ఇరకాటంలో పడింది. పంపితే మొగుడి మొహం ఎలా చూడాలి? ఉంచితే, సొంత మనిషి కాబట్టి వెనకేసుకొచ్చిందని నలుగురూ అనరూ? ఇంట్లో పిల్ల వదినతో మాట మానేసింది. ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, "అన్నయ్యా, మీ ఆవిణ్ణి ఆ ఉప్పు ఇటు జరపమను" అని కబురు పంపింది.

తెల్లారేసరికి జాగ్రత్తక్క మనసు గట్టి చేసుకుంది. పంపడమే న్యాయం. అయితే ముందు అందరికీ పని ఎలా చేయాలో చూపించి, ఆ తరువాత ఓనరుగారి దగ్గరికి వెళ్దామనుకుంది. ఉతికే గదిలో అందరినీ వరసగా నిలబెట్టి మిషన్లన్నీ ఆన్ చేసింది. కుళాయిలు తెరిచింది, ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చింది.

"ఇదేమన్నా బ్రహ్మవిద్యా? కళ్ళూ చెయ్యీ మనసూ ఒక్కచోట ఉండాలి, అంతే. ఇదిగో మూశాను. ఇదీ మూశాను. ఇదీ, ఇదిగో ఇదీ..." అంటూ ఇటు తిరిగి, కొత్త మిషన్‌కు వీపుపెట్టి నిలబడి, ఏకాగ్రత గురించి అందుకుంది.

వినేవాళ్ళ కళ్ళు పెద్దవయ్యాయి. తన మాటలు బాగా పని చేస్తున్నాయనుకుని ఆవిడ గొంతు పెంచింది. ఇస్త్రీ చేసే ఆవిడ చెయ్యెత్తింది. "మధ్యలో మాట్లాడొద్దు!" అంది జాగ్రత్తక్క.

"వదినా, ఒక్క ముక్క చెప్పొచ్చా?" అంది ఆడపడుచు, నిన్నటినుంచి వదినతో మొదటిసారి నోరు విప్పి.

"నువ్వసలు నోరెత్తకు."

"సరే" అని పిల్ల పక్కనున్న స్టూలెక్కి కూర్చుని కాళ్ళు పైకి పెట్టుకుంది.

జాగ్రత్తక్కకు చీలమండల దగ్గర చల్లగా తగిలింది. కిందికి చూసింది. వెనక్కి తిరిగింది. నురగ మెత్తగా, తెల్లగా, తాపీగా నడిచొస్తోంది.

"మూశానే! ఈ చేత్తోనే మూశాను!" అని అరిచింది.

అరిచాక ఆ మాట తన చెవినే పడింది. పిడి పైకే ఉంది. ఎటు తిప్పాలో ఆవిడకు తెలియదా? అందరికీ చెప్పింది ఆవిడే. నోటికి తెలిసింది గానీ, ఇన్నేళ్ళూ పైకెత్తే అలవాటున్న చేతికి తెలియలేదు. జాగ్రత్తక్కకు తల కొట్టేసినట్టయింది. పిడి కిందికి లాగి, అక్కడే నురగలో నిలబడిపోయింది.

ఇస్త్రీ ఆవిడ నవ్వు ఆపుకోలేక కిసుక్కుమంది. "నాకూ అయిందక్కా, కొత్తది వచ్చిన వారంలోనే. బకెట్లకెత్తి పారబోశాం" అంది. "నాకు రెండుసార్లు" అంది మరొకామె. అడగ్గా అడగ్గా, కొత్త మిషన్ ముట్టుకున్న వాళ్ళలో నురగ పొంగించనివాళ్ళు ఒక్కరూ లేరని తేలింది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

స్టూలు మీంచి ఆడపడుచే అంది: "చెబితే నువ్వేమంటావో అందరికీ తెలుసు కదా వదినా."

ఆ ఒక్క మాట ఆవిడకు సూటిగా తగిలింది. తన చేతికింద పొరపాట్లు జరగకపోవడం కాదు, తనదాకా రాకపోవడం. బకెట్లలో, మూల గోనెల కింద, చాటుగా ఆరిపోయాయి.

ఓనరుగారు ఈసారి గోడ పట్టుకుని వచ్చారు. "ఏం తేల్చారు?"

"తేల్చానండి. పంపాల్సింది ఆ కుళాయిని. పిల్లను పంపితే నన్నూ పంపాలి, వీళ్ళందరినీ పంపాలి. ఆ తరువాత నేల మీరే తుడుచుకోవాలి."

ఆయన తన నడుం సంగతి గుర్తొచ్చి ఫిట్టరును పిలిపించారు. ఫిట్టరు గొట్టం విప్పి, కుళాయిని తిప్పి బిగించి, "దీనికేనా ఇంత గొడవ? మొదటిరోజే చెబితే పోయేది కదమ్మా" అని తనకిచ్చిన టీ చల్లారకముందే వెళ్ళిపోయాడు.

సాయంత్రం వదినా ఆడపడుచులిద్దరూ ఇంటిదారి పట్టారు.

"నిన్న నిన్ను అందరి ముందూ అనకూడని మాట అన్నానే. కుళాయి తిప్పడానికైతే ఫిట్టరున్నాడు. ఆ మాట తిప్పడం ఎలాగో నాకు తెలియడం లేదు. నాది తప్పు, తల్లీ" అంది జాగ్రత్తక్క.

పిల్ల వదిన చేతిలోని సంచీ తను అందుకుంది.

"అది సరే గానీ వదినా, ఇవాళ నువ్వు ఒళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు?"

జాగ్రత్తక్క ముందు గుర్రుగా చూసింది, తరువాత పక్కున నవ్వింది. ఒక్క అడుగు వేసిందో లేదో ఆవిడ చెప్పులోంచి బుడుక్కుమంటూ నురగ బయటికొచ్చింది. ఆ నురగ చూసి ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడి, కడుపు పట్టుకుని నవ్వారు. ఇల్లు చేరాక తాళం తీస్తూ, పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు దాన్ని లాగి చూడటం మరిచిపోయిన సంగతి గుర్తొచ్చి, మొగుడు ఇంటికి రాగానే, ఆయన అడక్కముందే చెప్పేసింది.