నాయిన గొంతుకు పెట్టిన శ్రుతి

కీబోర్డు ఆన్ చేయగానే స్పీకరులోంచి డుబ్బుమని ఒక మొద్దు శబ్దం వస్తుంది. మొన్న శనివారం మేడ్చల్‌లో నేను డిబేట్ నేర్పే కాలేజీలో ఆ శబ్దం వినబడి, చెబుతున్న వాక్యం మధ్యలో ఆగిపోయాను. పక్కనే ఆడిటోరియం. వేదిక మీద ఒక అమ్మాయి వార్షికోత్సవానికి పాట సాధన చేస్తోంది. ఈ మధ్య పిల్లలందరి నోటా తిరిగే రకం పాట: పియానో మీద నెమ్మదిగా కొన్ని స్వరాలు, వాటి మీద ఇంటినీ అమ్మనూ తలచుకునే మాటలు. స్వరం పైకి లేచిన చోట ఆమె గొంతు చీలింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే చీలింది. "ఇంకా గట్టిగా పాడవే" అంది కీబోర్డు వాయిస్తున్న స్నేహితురాలు. గట్టిగా అంటే సరిపోతుందని నేనూ ఒకప్పుడు నమ్మాను, పాటలోనే కాదు, వాదనలో కూడా. ఆ నమ్మకాన్ని కదిలించిన మనిషి పేరు సువార్త. మచ్చ బొల్లారంలో మా చర్చికి ఆమె కీబోర్డు వాయించేది.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. కాలేజీ డిబేట్ జట్టులో ఉండడం వల్లా, ఆదివారం పాఠంలో కూడా చెయ్యెత్తి ప్రశ్నలడగడం వల్లా చర్చిలో నన్ను వకీలమ్మ అని పిలిచేవారు. అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు. సువార్తక్క తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేది. సాయంత్రం కంపెనీ క్యాబు మెయిన్ రోడ్డు మీద దించితే, మెడలో ఐడీ కార్డు తీయకుండానే నేరుగా పాటల సాధనకు వచ్చేది. చేతులు ఎంత కడుక్కున్నా స్పిరిట్ వాసన పోయేది కాదు. ఆమె పనిచేసే తీరు మరెవరిలోనూ నేను చూడలేదు. మామూలుగా చర్చిల్లో వాయించేవాళ్లు తమకు అలవాటైన మెట్ల మీదే వేళ్లు ఉంచి, ట్రాన్స్‌పోజ్ అనే బటన్ నొక్కి, పాడేవారికి తగినట్టు శ్రుతిని పైకో కిందికో జరుపుతారు. ఎంత జరపాలో తెలియడానికి ఒకటికి రెండుసార్లు పాడించి చూస్తారు. అక్క పాడించేది కాదు. మొదటి రోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, "పొద్దుగాల ఏం తిన్నవ్?" అని అడిగింది.

"పాడమంటవనుకుంటే తిండి ముచ్చట అడుగుతవేందక్కా?"

"పాడమంటే నువ్వు ఇంకెవరి లెక్కనో పాడుతవ్. తిన్నది చెప్పేటప్పుడు నీ గొంతే వస్తది. చెప్పు."

"చపాతి, టమాట కూర. కూర మాడింది."

"ఎవలు మాడవెట్టిన్రు?"

"నేనే."

ఆమె నవ్వి, బటన్ నొక్కి శ్రుతిని కిందికి దించింది. ఇంతకుముందు వాయించినాయన నాకు ఇంకా పైన పెట్టేవాడని అభ్యంతరం చెప్పాను. "స్టేజీ మీద ఒర్లుతవ్ గదా, గదే నీ శ్రుతి అనుకుంటున్నవ్" అంది తల ఎత్తకుండా. ఆ రోజు మొదటిసారి, పాట అయ్యాక నా గొంతు నొప్పి పెట్టలేదు.

ఆ ఏడాది కోతపండుగ వచ్చింది. మా కాలనీలో కోయడానికి పొలాలేమీ మిగలలేదు. అయినా పండుగ మానలేదు. గుమ్మడికాయలు రైతుబజారు నుంచి, కోళ్లు శామీర్‌పేటలో చుట్టాలున్నవాళ్ల దగ్గర నుంచి వస్తాయి. ఆరాధన అయ్యాక షామియానా కింద అందరం కలిసి భోంచేస్తాం. దాన్ని ప్రేమవిందు అంటాం. సాధన జరుగుతుండగా ఎవరో ఆహ్వానపత్రాలు పంచారు. అక్క ఒకటి తీసుకుని చదివి, దాన్ని కీబోర్డు మీద బోర్లా పెట్టింది. ఆ తరువాత వాయించిన పాటలో, ఎన్నడూ తప్పని ఆమె వేలు రెండుచోట్ల తప్పింది. అందరూ వెళ్లాక అడిగాను.

"వాక్యం చెప్పనీకి వచ్చేది మా నాయిన" అంది.

ఆయన నారాయణఖేడ్ వైపు ఒక పల్లెలో పాస్టరు; పండుగ ప్రసంగానికి మా కమిటీ పిలిచింది ఆయననే. అక్కడి చర్చి గంట ఏనాడో పగిలిపోయిందట. బాగుచేయించే స్తోమత లేక, పొద్దువాలే వేళ ఆయనే మెట్ల మీద నిలబడి, మాటలేమీ లేకుండా ఒక రాగం తీసేవాడట. పైన మొదలై మెట్టు మెట్టుగా కిందికి దిగే రాగం. అది వినబడితే పెద్దలు ప్రార్థనకు బయలుదేరేవారు, ఆడుకుంటున్న సువార్త ఇంటికి పరుగెత్తేది. ఆమె పెద్దదై శామీర్‌పేటకు చెందిన శ్రీకాంత్‌ను రిజిస్టర్ పెళ్లి చేసుకుంది. అతనిది హిందూ భూస్వాముల కుటుంబం. ఇద్దరిలో ఎవరూ మతం మారలేదు. తండ్రి తిట్టలేదు, కొట్టలేదు. ఒక్క మాట అన్నాడు: "నువ్వు వాయించే కాడ నేను వాక్యం చెప్పలేను." ఆ తరువాత ఫోను ఎత్తలేదు.

"కమిటీకి తెలుసా?"

"తెల్వదు. నువ్వు చెప్పొద్దు. తెలిస్తే ఆయననన్నా వద్దంటరు, లేకుంటే నన్నన్నా ఆ రోజు రావద్దంటరు. రెండూ నాకొద్దు."

"నిన్ను చూసి ఆయన లేచిపోతే?"

ఆమె కీబోర్డు వైపు తిరిగి ఒక పాట వాయించింది. తానే కట్టిన పాట. ఎడమ చేయి ఒకే మాటను నెమ్మదిగా తలుస్తున్నట్టు తిరుగుతుంటే, కుడి చేయి దానికి కాస్త ఆలస్యంగా బదులిస్తున్నట్టు ఉండేది. పల్లవి మాటలు ఇవి:

తోవ నా కాళ్లకు తెలుసు,
తలుపు సంగతే తెలియదు,
పొద్దు వాలెను, పిలుపు రాదే.

ఆ చివరి పాదం పైనుంచి మెట్టు మెట్టుగా దిగుతుంది. అది ఎక్కడిదో నాకు వేరే చెప్పనక్కరలేకపోయింది. "అక్కడికి రాంగనే నాకు గొంతు పడిపోతది. నువ్వు పాడాలె" అంది. ఆయన ఆ రోజు మాత్రమే ఉంటాడు, మర్నాడు పొద్దున బస్సుకు వెళ్లిపోతాడు. ఆమెకున్నది ఆ ఒక్క అవకాశం.

పాటను ఆరాధనలో చేర్చాలంటే కమిటీ ఒప్పుకోవాలి. సెక్రటరీ దానమయ్య గారు కళ్లు మూసుకుని పాటంతా విన్నారు. "మంచిగనే ఉన్నది బిడ్డా. గని దేవుని పేరు ఒక్కసారన్న ఉన్నదా ఇందుల?" అన్నారు. నేను లేచాను. నా చేతిలో ఉన్న అతి బలమైన ఆధారాన్ని బయటపెట్టే హక్కు నాకు లేదు. అది లేకుండానే గెలవాలనుకున్నాను. పేరు పలకడం వల్ల మాత్రమే ప్రార్థన ప్రార్థన అవుతుందా అని అడిగాను. ఇల్లు తలచుకుని ఏడ్చినవాళ్ల మొర దేవుడు వినలేదని ఎక్కడ రాసి ఉందన్నాను. పండుగనాటి ప్రకటనల్లో షామియానా వాళ్లకు చెప్పే కృతజ్ఞతలోనూ దేవుని పేరు లేదు కదా అన్నాను. కమిటీలో ఒకరిద్దరు నవ్వారు. దానమయ్య గారి దగ్గర జవాబు లేదు. జవాబు లేదని గది మొత్తానికీ తెలిసింది. ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, "ఇగ అయిపోయింది. ఆరాధనల గీ పాట లేదు" అన్నారు.

బయటికొచ్చాక, "నా మాటల్లో తప్పేమున్నదక్కా?" అన్నాను.

"తప్పేం లేదు. ఆయన నోరు మూయించినవ్. అంతమంది ముంగట మూయించినవ్. ఇగ చెవులెట్ల తెరుస్తడు?"

మర్నాడు సాయంత్రం ఆమె దానమయ్య గారి దగ్గరికి వెళుతూ నన్నూ రమ్మంది. ఒక్క షరతు: నేను మాట్లాడకూడదు. ఆయన షామియానా కర్రల మధ్య నిలబడి ఎవరితోనో ఫోనులో కొట్లాడుతున్నారు. అక్క ఆగింది. ఆయన ఫోను పెట్టాక, "అంకుల్, పొద్దటి నుంచి ఏమన్న తిన్నరా?" అంది.

"ఏడ తింట బిడ్డా. షుగర్ గోలీ ఏసుకొని తిరుగుతున్న. టెంటోడు ఒకటే పరేషాన్ జేస్తుండు." అలా మొదలై, ఆయన చాలాసేపు మాట్లాడారు. వెనుకటి పండుగకు యువకులు సినిమా బాణీలో పాట పాడితే, వచ్చిన అతిథి అందరి ముందూ తననే నిలబెట్టి కడిగేశారట. "నా మనుమరాలు ముంగట్నే కూసున్నది. నవ్విందది." ఆ అవమానం నా వాదనలో ఎక్కడా లేదు. ఉందని నాకు తెలియనే తెలియదు.

"మరి ఆరాధన అయినంక, విందుల పాడితే?" అంది అక్క.

"విందుల ఎవలేం పాడితే నాకేంది. అన్నం సరిపోతదా లేదా అన్నదే నా రంది."

తిరిగి వస్తూ నేను ఊరుకోలేకపోయాను. "ఇట్ల అందరికీ తగ్గుకుంట పోతే న్యాయమెట్ల దొరుకుతదక్కా? విందుల గూడ వద్దంటే ఏం జేస్తుంటివి?"

"అప్పుడు నువ్వు కొట్లాడు. నేనొద్దన్ననా? కొట్లాడేముంగట ఎదుటి మనిషికి ఏడ నొస్తున్నదో ఇనుమన్న, అంతే."

పండుగనాడు ఆరాధన మొదలయ్యాక నేను పాటల వరుసలో నిలబడి బలిపీఠం వైపే చూస్తున్నాను. అక్క తెల్లచీర కట్టుకుని కీబోర్డు వెనుక కూర్చుంది. మొదటి కీర్తన అయ్యేవరకూ అక్క నాయిన తల వంచి ప్రార్థనలోనే ఉన్నారు. వాక్యం చెప్పడానికి లేచి, సభను చుట్టూ చూస్తూ మా వైపు వచ్చేసరికి ఆయన చూపు ఆగింది. కళ్లజోడు తీశారు. కండువా అంచుతో తుడిచారు. పెట్టుకుని మళ్లీ చూశారు. తెరిచిన గ్రంథాన్ని మూశారు. దానమయ్య గారు మైకు పనిచేయడం లేదేమోనని లేచి రెండడుగులు ముందుకు వేశారు. అక్క చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆయన వెళ్లిపోతే ఆమె ఇక జీవితంలో కీబోర్డు ముట్టదని నాకు ఆ చేతులు చూస్తేనే అర్థమైంది. చివరికి ఆయన గ్రంథం తెరిచారు. వాక్యం చెప్పారు. ఏం చెప్పారో నాకొక్క ముక్క గుర్తులేదు. మా వైపు మళ్లీ చూడలేదు.

విందుకు కీబోర్డును షామియానా కిందికి మార్చారు. ఆయన పెద్దల వరుసలో, మాకు దగ్గరగానే కూర్చున్నారు. కానీ వీపు మా వైపు. శ్రీకాంత్ దూరంగా కుర్చీలు సర్దుతున్నాడు. నేను మైకు అందుకున్నాను. అక్క మేం సాధన చేసిన శ్రుతి పెట్టి, మొదటి మెట్టు మీద వేలు ఉంచింది. సరిగ్గా అప్పుడు ఆయన వడ్డించే మనిషితో, "ఇంత సాంబారు పొయ్యి బిడ్డా" అన్నారు.

అక్క వేలు మెట్టు మీంచి లేచింది. ట్రాన్స్‌పోజ్ బటన్ దగ్గరికి వెళ్లి శ్రుతి దిగేలా నొక్కింది. ఒక్క క్షణం ఆగి మళ్లీ నొక్కింది.

"అక్కా, మనది ఇది గాదు" అన్నాను మైకు దూరంగా పెట్టి.

"నాయిన గొంతు దిగిందే" అంది నాకు మాత్రమే వినబడేలా. అని, వాయించడం మొదలుపెట్టేసింది.

చరణంలోనే నా గొంతు అడుగంటిపోయింది. "వకీలమ్మా, ఇయ్యాల నోరు లెవ్వలేదా?" అన్నారు దానమయ్య గారు సాంబారు బకెట్టుతో అటు పోతూ. వరుసలన్నీ నవ్వాయి. ఆపి, శ్రుతి మార్చమని అడిగే హక్కు నాకుంది. ఒక పాటను పాడే మనిషికి అందకుండా పెట్టడం అన్యాయమని నిరూపించగలను. అడగలేదు. పల్లవి వచ్చింది. పొద్దు వాలెను, పిలుపు రాదే. స్వరం దిగుతూ దిగుతూ నాకు లేని మెట్ల దాకా వెళ్లింది. అక్కడ నా గొంతు ఆరిపోయింది. అక్క కూడా చివరి మెట్టు వాయించలేదు. దానికి పైమెట్టు మీదే వేలు నొక్కిపట్టి ఆగింది. ఆ స్వరం ఎక్కడికీ పోలేక గాలిలో అలాగే ఉండిపోయింది. తినేవాళ్లు కూడా చేతులాపి తలలు తిప్పారు.

వెనక్కి తిరగకుండా, కలిపిన ముద్ద అలాగే చేతిలో ఉండగా, ఆయన ఆ చివరి మెట్టు దిగారు. మాట లేదు, రాగం మాత్రమే. అక్క మళ్లీ పల్లవి ఎత్తుకుంది. ఈసారి ఆయన పైనుంచే అందుకున్నారు. ఆ పైస్వరం ఆయన గొంతుకు ఇబ్బంది లేకుండా అందింది. నేను మైకు కిందికి దించేశాను.

పాట అయ్యాక ఆయన చెయ్యి కడుక్కుని, కండువాతో తుడుచుకుంటూ కీబోర్డు దగ్గరికి వచ్చారు. బటన్ల వైపు చూశారు.

"గంత కిందికి వెట్టినవేంది? నేను గంత ముసలోణ్ణయిననా?"

అక్క తల ఎత్తలేదు. "సాంబారు అడిగినప్పుడు విన్న నాయినా."

ఆయన దూరంగా కుర్చీలు పేరుస్తున్న శ్రీకాంత్ వైపు గడ్డం ఎత్తి చూపించారు. "గాయననేనా?"

"ఆఁ."

"తిన్నడా?"

"ఇంకా లేదు."

"పిలువు" అన్నారు.

కొన్నాళ్లకు కంపెనీ అక్కను విశాఖపట్నం మార్చింది. ఆ పాట రికార్డు చేయమని నేను ఎన్నోసార్లు అడిగాను. "ఏ శ్రుతిల చెయ్యాలె?" అని నవ్వి మాట మార్చేస్తుంది. నేను ఈనాటికీ వాదిస్తూనే ఉన్నాను. ఒప్పుకోలేనిదాన్ని ఒప్పుకోలేదు, ఎవరి కోసమూ నమ్మినదాన్ని తగ్గించలేదు. అయితే ఎదుటివాళ్ల ముందు నా మొదటి వాక్యం ఇప్పుడు ఆలస్యంగా వస్తుంది. నా జట్టులోని పిల్లలకు ఆ ఆలస్యం నచ్చదు. అది భయమని అనుకుంటారు. దానమయ్య గారి మనుమరాలి నవ్వు గురించి వాళ్లకెలా చెప్పాలో నాకింకా తెలియలేదు.

మొన్న శనివారం ఆ అమ్మాయి గొంతు మూడోసారి చీలినప్పుడు, నేను పాఠం ఆపి ఆడిటోరియంలోకి వెళ్లి వేదిక ఎక్కాను. పాడుతున్న పిల్ల తప్పు చేసినదానిలా మైకును వీపు వెనక దాచుకుంది.

"పొద్దున ఏం తిన్నావు?" అని అడిగాను.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "హాస్టల్ల ఉప్మా, మేడమ్" అంది ఆ పిల్ల. కాస్త ఆగి, "తినలే. మా అమ్మ చేసినట్టు ఉండదు" అంది.

అది ఆమె గొంతు. నేను బటన్ వైపు చెయ్యి చాచాను.